ఎస్తేరమ్మ చెప్పిన జవాబు

గురువారం పొద్దున ఎస్తేరమ్మ రెండు జొన్నరొట్టెలు చేసి, చిన్న ముక్కలుగా తుంచి, పాలలో నానబెట్టి స్టీలు డబ్బాలో పెట్టుకుంది. పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆమె భర్త మద్దిలేటి గట్టివేవీ నమలలేడు. సంచి అడుగున ఉతికిన బనీన్లు రెండు సర్దింది. పెబ్బేరులో ఎనిమిదింటి బస్సు ఎక్కితే తొమ్మిదిలోపు వనపర్తిలో దిగుతుంది. అక్కడి నుంచి ఊరి బయట ఉన్న మాజీ సైనికుల ఆశ్రమానికి ఆటోలో పది నిమిషాలు. ఏడాదిగా వారానికి రెండుసార్లు ఆమె తిరిగే దారి అది.

"అత్తా, నేను గూడ వస్తనంటే వద్దంటవేంది? మామను చూసి నెల దాటింది" అంది కోడలు శైలజ, పత్తి చేనుకు పోవడానికి కొంగు నడుముకు చుట్టుకుంటూ.

"ఇయాల సుప్రియ వస్తుందమ్మా. నీ కూలి ఎందుకు పోగొట్టుకుంటవు?"

శైలజ చెప్పులు తొడుక్కుంది. ఆడబిడ్డ వచ్చే రోజు తాను ఎదురుపడకపోవడమే మంచిదని ఆమెకు తెలుసు. సుప్రియ నాగర్‌కర్నూల్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు. వదిన పోరు పడలేకే నాన్నను ఆశ్రమంలో చేర్చారని ఆమె నమ్మకం. ఆ మాట ఈ ఏడాదిలో ఫోన్లో రెండుసార్లు, మొహం మీద ఒకసారి అన్నది. అన్న జయపాల్ పుణేలో మేస్త్రీ పని చేస్తాడు. ఆరు నెలలకోసారి వచ్చే అతనికి ఈ గొడవలేవీ తెలియవు.

ఆశ్రమం ఆ రోజు కొత్తగా కనబడింది. వరండా అంతా ఫినాయిల్ వాసన. మంచాల మీద తెల్లటి దుప్పట్లు.

"హైదరాబాద్ నుంచి కమిటీ వచ్చింది పెద్దమ్మా" అన్నాడు నాగేశ్. అక్కడి ముసలివాళ్లను చూసుకునే రాత్రి డ్యూటీ అతనిదే. తెల్లారి ఇంటికి పోవలసినవాడు ఇంకా అక్కడే ఉన్నాడు. "ఇయాల, రేపు ఉంటరంట. ఇక్కడ ఎట్ల చూస్తుండ్రని ఇంటోళ్లను గూడ అడుగుతరు."

మద్దిలేటి గోడ పక్క మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. పదిహేడేళ్లు సైన్యంలో చేసి నాయక్ హోదాలో రిటైరైన మనిషి. ఊళ్లో ఇప్పటికీ మిల్ట్రీ మద్దిలేటి అంటేనే గుర్తుపడతారు. ఎస్తేరమ్మ తినిపించడానికి వంగింది. ఫినాయిల్ వాసన కింద ఇంకొక వాసన ముక్కుకు తగిలింది. ఆమెకది కొత్త కాదు. మూడు వారాలుగా తగులుతూనే ఉంది. మొదటిసారి దుప్పటి తీయబోతే మద్దిలేటి ఎడమ చేత్తో గట్టిగా పట్టుకుని, "ఏం లేదు, చెమట" అన్నాడు. ఆ తర్వాత ఆమె మళ్లీ తీయబోలేదు. వచ్చినప్పుడల్లా పౌడర్ డబ్బా తెచ్చి చల్లి పోయేది.

పది గంటలకు కమిటీలోని గీత మేడం ఫారాలు పట్టుకుని ఆ మంచం దగ్గరకు వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"తాతా, పిలిస్తే వస్తున్నారా? పక్కకు తిప్పి పడుకోబెడుతున్నారా?"

"సబ్ ఠీక్ హై, మేడం" అన్నాడు మద్దిలేటి. మాట ముద్దగా వచ్చినా మెడ బిగించి చెప్పాడు.

ఆమె ఎస్తేరమ్మ వైపు తిరిగింది. "మీరు చెప్పండమ్మా. ఒంటి మీద పుండ్లేమైనా ఉన్నాయా?"

ఎస్తేరమ్మ దుప్పటి అంచు సర్దింది. "మంచిగనే చూస్తుండ్రు మేడం. మాకేం తక్లీఫ్ లేదు."

చూపించిన చోట సంతకం పెట్టింది. గీత ఇంకేదో అడగబోయి, పక్క వార్డు వాళ్లు పిలవడంతో లేచిపోయింది.

పదకొండింటికి సుప్రియ వచ్చింది. తండ్రి పక్కన నిలబడిందో లేదో ఆమె మొహం మారిపోయింది. ఆయన పట్టుకున్న దుప్పటిని వేలు తర్వాత వేలు విడిపించి తీసేసింది. నాగేశ్ సాయంతో ఆయనను పక్కకు తిప్పింది. నడుము కింద అరచేయంత పుండు. మధ్యలో నల్లబడి, అంచులు చీము పట్టి ఉంది.

"తిప్పాల్నని నాకెర్కే అక్కా" అన్నాడు నాగేశ్ తల దించుకుని. "ఇరవై ఆరు మంచాలకు రాత్రి నేనొక్కణ్ణే. ఒక్కణ్ణే ఎత్తలేక పోతున్న. ఆఫీసుల చెప్పిన, ఇంకో మనిషినిస్తమంటరు, ఇయ్యరు."

సుప్రియ తానే పుండు కడిగి కట్టు కట్టింది. ఆఫీసుకు పోయి నాన్నను ఇప్పుడే దవాఖానకు తీసుకుపోతానంది. డాక్టరు రేపు పొద్దున వస్తాడని, ఈలోగా తీసుకుపోవాలంటే భార్య సంతకం కావాలని వాళ్లన్నారు. ఎస్తేరమ్మ కలం ముట్టుకోలేదు. "డాక్టరును రానియ్యి, రేపు చూద్దాం" అని బతిమాలింది. అంతా మంచిగున్నదని తల్లి పొద్దున్నే కమిటీకి సంతకం పెట్టి ఇచ్చిందని సుప్రియకు అక్కడే తెలిసింది. సాయంత్రం బస్సులో తల్లీకూతుళ్లు పెబ్బేరు తిరిగి వచ్చారు.

ఇంట్లో అడుగుపెట్టగానే సుప్రియ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"ఆ వాసన నీకు తెల్వదా అమ్మా? నిజం చెప్పు."

"తెలుసు."

"ఎన్ని రోజులసంది?"

"మూడు వారాలైతది."

"తెలిసి మంచిగున్నదని రాసిచ్చినవా? నీ మొగుడే గదనే ఆయన!"

అప్పుడే చేను నుంచి వచ్చిన శైలజ మంచినీళ్ల గ్లాసు పట్టుకుని వచ్చింది. సుప్రియ కోపమంతా అటు మళ్లింది. "నీకిప్పుడు సంతోషమేనా వదినా? అడ్డం ఉన్నడని తీసుకపోయి అక్కడ పడేయించినవు. చూసి రా పో, మా నాయిన ఎట్ల కుళ్లుతుండో!"

శైలజ గ్లాసు కింద పెట్టింది. అత్త వైపు ఒక్కసారి చూసి తల వంచుకుంది. ఆ చూపును ఎస్తేరమ్మ తట్టుకోలేకపోయింది.

"ఆమె మీద పడకు సుప్రియా. ఆయనను అక్కడికి పంపింది నేను."

గోడకు ఆనుకుని నెమ్మదిగా కింద కూర్చుంది.

"పోయిన ఎండకాలం ఆయనకు నీళ్లు పోస్తుంటే కాలు జారింది. నా మీద పడ్డడు. బాత్‌రూమ్ తలుపు లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. నా చెయ్యి ఆయన కింద ఇరికింది. ఆయన లేవలేడు, నేను లేపలేను. రెండు గంటలు తడి బండల మీద గట్లనే పడి ఉన్నం. పెండ్లయి యాభై ఏండ్లల్ల ఆయన ఏడ్వంగ నేను అప్పుడే చూసిన. 'ఎస్తేరూ, నిన్ను నేనే సంపుతున్న' అన్నడు. శైలజ వచ్చి తలుపు విరగ్గొట్టి మమ్మల్ని తీసింది. ఆ ఆశ్రమంల ఎయ్యమని ఆయనే అడిగిండు. బిడ్డకు తెలిస్తే నౌకరి ఇడిసిపెట్టి వస్తది, చెప్పొద్దని మా ఇద్దరితోని ఒట్టు పెట్టించుకున్నడు."

ఎస్తేరమ్మ కోడలి వైపు చెయ్యి చూపించింది.

"నువ్వు ఈమెను అన్నన్ని మాటలు అంటుంటే, ఈమె నోరు మూసుకొని పడ్డది. నేను పక్కనే ఉండి విన్న. విని ఊకున్న."

"మరి ఇయాల ఎందుకు అబద్ధమాడినవమ్మా?"

"మంచిగ లేదంటే ఇంటికి తోలుతరు. ఇంటికొస్తే ఆయనను ఎవరు లేపాలె? ఆయన మీద ప్రేమ, పావురం లేక గాదు బిడ్డా. నాకు శాతగాదు. గంతే, నాకు శాతగాదు." ఎస్తేరమ్మ మొహం చేతుల్లో దాచుకుంది. "దుప్పటి ఎత్తి చూస్తే ఏదన్న చెయ్యాల్సి వస్తది. అందుకే ఎత్తలేదు."

సుప్రియ అలాగే నేల మీద కూలబడింది. శైలజ వచ్చి పక్కన కూర్చుంటే, ఆమె భుజం మీద తల పెట్టింది. "ఒక్క మాట చెప్తే ఏం పోయేది వదినా?" అంది ఏడుస్తూ.

"మామ ఒట్టు పెట్టిచ్చె గద" అంది శైలజ. "పోనియ్యి. రేపు మొదటి బస్సుకు ముగ్గురం పోదాం."

మర్నాడు గీత మేడం ఆఫీసు గదిలో కాగితాలు సర్దుకుంటుండగా ఎస్తేరమ్మ నేరుగా పోయి ఆమె ముందు నిలబడింది.

"నిన్న నేను అబద్ధం చెప్పిన మేడం. నా మాట కొట్టేసి మళ్ల రాసుకోండ్రి."

అందరూ మంచం దగ్గరకు వచ్చారు. మద్దిలేటి భార్య మొహం చూసి సంగతి గ్రహించాడు. "సబ్ ఠీక్ హై" అన్నాడు గబగబా.

"నీకు బాగలేదు" అంది ఎస్తేరమ్మ ఆయన చెయ్యి పట్టుకుని. "నాకు తెలుసు. ఇద్దరం ఒకరికొకరం దాసిపెట్టుకున్నది సాలు. మేడంకు చెప్పు."

ఆయన కళ్లు పైకప్పు మీదే ఉన్నాయి. ఎడమ కంటి నుంచి నీళ్లు చెవి వైపు జారాయి.

"పగలు నాలుగు దాటినంక నీళ్లు తాగను మేడం" అన్నాడు చివరికి. "రాత్రి తడిస్తే మార్చెటోడు ఒక్కడే. పాపం, ఆయనది తప్పు లేదు. నొప్పి లేస్తే దిండు కొరుక్కుంట. మంచిగ లేదంటే ఇంటికి పంపుతరు. ఇంటి కాడ ఈమె సచ్చిపోతది." ఊపిరి తీసుకున్నాడు. "తిప్పండ్రి. చూసుకోండ్రి."

నాగేశ్, సుప్రియ కలిసి తిప్పారు. గీత మేడం వంగి చూసి, చూసిందంతా రాసుకుంది. ఆ తర్వాత లేచి ఒక్కో మంచం దగ్గరకు పోయి దుప్పట్లు తీసి చూడటం మొదలుపెట్టింది.

మద్దిలేటిని ఆ రోజే వనపర్తి దవాఖానకు తీసుకుపోయారు. చీము రక్తంలో కలిసిందని, ముందే వస్తే బాగుండేదని డాక్టర్లు అన్నారు. ముందే అన్న మాట వినబడినప్పుడు ఎస్తేరమ్మ గోడ వైపు తిరిగి నిలబడింది. సుప్రియ సెలవు పెట్టింది, శైలజ కూలికి పోవడం మానింది. ముగ్గురు ఆడవాళ్లూ వంతులు వేసుకుని రెండు గంటలకోసారి ఆయనను తిప్పారు. ఒక రోజు సాయంత్రం ఆయన శైలజ చెయ్యి పట్టుకుని, "బిడ్డా, నా మూలంగ మాటలు పడ్డవు" అన్నాడు. పద్దెనిమిదో రోజు పొద్దున, జయపాల్ పుణే నుంచి వచ్చి చేరిన గంటకు, ఆయన ప్రాణం పోయింది.

సమాధి కార్యక్రమాలు అయ్యాక సుప్రియ కొన్నాళ్లు పెబ్బేరులోనే ఉండిపోయింది. గీత మేడం ఫోన్ చేసి రిపోర్టు పంపామని, ఆశ్రమంలో రాత్రిపూటకు ఇంకో ఇద్దరిని వేశారని చెప్పింది. ఎస్తేరమ్మ సంతోషపడాలని చూసింది. కానీ ఆ మూడు వారాలు ఆమె గుండెలో ఎక్కడ కదిలినా గుచ్చుకుంటున్నాయి. పౌడర్ చల్లిన తన చెయ్యిని చూసుకుని ఒక్కోసారి పొయ్యి దగ్గరే కూర్చుండిపోయేది.

నెల తర్వాత ఆయన బట్టలు, కాగితాలు తెచ్చుకోవడానికి ఒక్కతే ఆశ్రమానికి పోయింది. నాగేశ్ సంచి తెచ్చి ఇచ్చాడు. తిరిగి వస్తుంటే, మద్దిలేటి పక్క మంచం మీద ఉండే మహిపాల్ కనబడ్డాడు. మద్దిలేటి కన్నా పెద్దవాడు. ఎవరూ చూడటానికి రారు.

"మంచిగున్నవా అన్నా?" అంది ఎస్తేరమ్మ.

"ఆఁ, మంచిగనే ఉన్న చెల్లె. నువ్వు పో, బస్సుకు ఆలస్యమైతది."

ఎస్తేరమ్మ రెండడుగులు వేసి ఆగింది. వెనక్కి వచ్చి, సంచి కింద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చుంది.

"బస్సులు శాన ఉన్నయి అన్నా. నిజం చెప్పు, యాడన్న నొస్తుందా?"

మహిపాల్ నవ్వబోయాడు. ఆమె కదలలేదు.

"నొస్తుంది చెల్లె" అన్నాడు.

ఎస్తేరమ్మ లేచి ఆయన దుప్పటి తీసింది.