పేరు కింద రెండు మాటలు

2094 నాటికి విశాఖలో భాష కోసం పుస్తకం పట్టేవాళ్ళు లేరు. తలకి నుడిపట్టీ చుట్టుకుంటే చాలు, మాట అర్థాన్నీ వాడుకనీ అదే నేరుగా మెదడుకి అందిస్తుంది. ఒకటే మెలిక. ఆ మాటని నిజంగా మనసులో ఉన్న భావంతో ఒక్కసారైనా పలకాలి. లేకపోతే నాటుకోదు. నటిస్తే పట్టీ నాడి చూసి పట్టేస్తుంది.

అంగారకుడి మీది తోటల కేంద్రంలో అందరూ మాట్లాడేది స్పానిషే. అక్కడికి వెళ్ళే రెండు సీట్లలో ఒకటి నీరజాక్షి మొదటిరోజే కొట్టేసింది. రెండోదాని కోసం త్రినాథ్ పదకొండు రోజులుగా పరీక్షకిచ్చిన ఒకే ఒక్క మాట "తెంగో" దగ్గరే చతికిలపడ్డాడు. తెంగో అంటే "నా దగ్గర ఉంది". ఆకలైనా, చలైనా, భయమైనా స్పానిష్‌వాళ్ళు ఆ మాటతోనే చెప్పుకుంటారు.

గడువు ఈ సాయంత్రంతో సరి.

"తెంగో ఆంబ్రే," అన్నాడు. నాకు ఆకలిగా ఉంది.

"ఇప్పుడే నాలుగిడ్లీలు తిన్నారు కదండీ," అంది పట్టీ.

"తెంగో ఫ్రీయో." నాకు చలేస్తోంది.

"చెమటలు కారుతున్నాయి."

పరీక్షగది అద్దం అవతల నీరజాక్షి తన స్పేస్‌సూటు సర్దుకుంటోంది. పాసైన వాక్యాన్ని సూటు మీద, పేరు కింద కుట్టడం అక్కడి ఆనవాయితీ. ఏం వాక్యమండీ అని అతను ఎన్నిసార్లడిగినా ఆవిడ నవ్వి తప్పించుకుంది. ఏడేళ్ళు ఒకే ల్యాబ్‌లో టమాటా తెగుళ్ళ మీద కలిసి పనిచేశారు. బహుమతులన్నీ త్రినాథ్‌కి, చప్పట్లు కొట్టడం ఆవిడకి. అలాంటిది ఇప్పుడు ఆవిడ వెళ్తోంది!

"ఇంకా కాలేదా త్రినాథ్ గారూ? మీకిదో లెక్కా!" అంది మడతపెట్టిన సూటుతో తలుపు దగ్గరికొచ్చి.

అతనికి ఒళ్ళు మండిపోయింది. పళ్ళు నూరుతూ పట్టీని అడిగాడు, "కుళ్ళుని ఏమంటారు?"

"సేలోస్."

"తెంగో సేలోస్!"

పచ్చదీపం వెలిగింది. సీటు దక్కింది. ఎగిరి గంతెయ్యాల్సినవాడు కుట్టుమిషన్ వైపు పరిగెత్తాడు. ఆ రెండు మాటలూ ఇక రోజూ గుండెల మీద వేసుకుని ఆవిడ ఎదుటే తిరగాలి.

కుట్టుమిషన్ సూటుని బయటికి తోసింది. అతను దాచేలోపే నీరజాక్షి చదివేసింది. తరవాత తన సూటు మడత విప్పి బల్ల మీద పరిచింది.

ఆవిడ పేరు కిందా అవే రెండు మాటలు.

"మొదటిరోజే ఎలా వచ్చిందని మీకు ఆశ్చర్యం కదూ," అంది తలొంచుకుని. "నేను వెతుక్కోనక్కర్లేకపోయింది. ఏడేళ్ళుగా నా దగ్గరున్నదే కదండీ."