ఒక్క పేరే పంపాలి

అన్నదమ్ములిద్దరిదీ ఒకటే కళ్ళజోళ్ళ దుకాణం. కింద దుకాణం, పైన కాపురం. వెనక గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని అన్నగారిది. ఆయన నోట్లోంచి మాట రావాలంటే గగనమే. ముందు కౌంటర్ దగ్గర నిలబడి, వచ్చినవాళ్ళ ముక్కుకి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పి, ఊరుకోకుండా వాళ్ళ అల్లుడి ముక్కుకి ఏది నప్పుతుందో కూడా చెప్పి పంపే పని తమ్ముడిది. ఇంటి పెద్దమ్మాయికి ఆయన బాబాయి. వీధి వీధంతా ఆయన్ని బాబాయనే పిలుస్తుంది కాబట్టి మనమూ అలాగే పిలుద్దాం.

పెద్దమ్మాయి అన్నగారి కూతురు, చిన్నమ్మాయి బాబాయి కూతురు. ఇద్దరికీ నెలల తేడానే. పెద్దమ్మాయికి మాటలైనా సరిగ్గా రాకముందే తల్లి పోయింది. అప్పటికి పిన్ని చంకలో తన పిల్ల ఉంది. రెండో చంక ఖాళీగానే ఉంది కదా అని ఈ పిల్లనీ ఎత్తుకుంది. అప్పటినుంచీ ఇద్దరిదీ ఒకే గది, ఒకే బడి, ఇప్పుడు ఒకే కాలేజీ.

ఈ ఏడు డిగ్రీ చివరి సంవత్సరం. ఇద్దరి కళ్ళూ ఒకేదాని మీద పడ్డాయి. దేశం మొత్తంలో కొద్దిమందికే ఇచ్చే ఫెలోషిప్ అది. వచ్చిందంటే పెద్ద పరిశోధనా సంస్థలో చదువు, హాస్టలు, పుస్తకాలు, నెలనెలా ఖర్చులు, అన్నీ వాళ్ళే చూసుకుంటారు. చిక్కల్లా ఒకటే. ఒక్కో కాలేజీనుంచి ఒక్క పేరే పంపాలి. ఆ ఒక్కరూ ఎవరన్నది కాలేజీవాళ్ళే ఇంటర్వ్యూ చేసి తేలుస్తారు.

ఈ సంగతి తెలిసిన రోజునుంచీ బాబాయి కోచింగు మొదలుపెట్టాడు. పొద్దున్నే షట్టర్ సగం ఎత్తి, పిల్లల్ని వంతులవారీగా కళ్ళ పరీక్ష కుర్చీలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవాడు. జవాబు చెప్పాక, అద్దం మార్చి అడిగినట్టే, "ఇలా అంటే బాగుందా, ఇందాకటిలా అంటే బాగుందా?" అని అడిగి, బాగున్నదాన్నే మళ్ళీ మళ్ళీ చెప్పించేవాడు. పెద్దమ్మాయి తన ప్రాజెక్టు కోసం చుట్టుపక్కల బడులన్నీ తిరిగి పిల్లలకి చూపు పరీక్షలు చేసింది. మొద్దులని పేరుపడ్డవాళ్ళలో ఎంతమందికి అసలు బోర్డే కనబడటం లేదో లెక్క తేల్చింది. దాన్ని గురించి ఆ కుర్చీలో కూర్చుని గడగడా చెబుతుంటే బాబాయికి కళ్ళు చెమర్చేవి. చిన్నమ్మాయిది వీధిదీపాల చుట్టూ ముసిరే పురుగుల మీద పని. మొదలెట్టిన వాక్యం ఒక్కటీ పూర్తిచేసేది కాదు. బాబాయి తల పట్టుకునేవాడు.

ఆవేళ కాలేజీ బోర్డు మీద పేరు పెట్టే రోజు. ఇంటర్వ్యూలు ముందురోజే అయిపోయాయి.

"ఆ టీ చల్లారిపోతోంది, తాగవే!" అని మేడమీదినుంచి దిగుతూనే కేకేసింది పిన్ని.

"దిగదమ్మా. కడుపులో నా పురుగులే తిరుగుతున్నాయి," అంది చిన్నమ్మాయి.

"మీ అక్కని చూసి నేర్చుకో. ఎంత నిబ్బరంగా ఉందో," అన్నాడు బాబాయి.

పెద్దమ్మాయి అద్దాలు తుడిచే గుడ్డలు మడతపెడుతోంది. "ఎవరికొచ్చినా ఒకటేగా బాబాయ్," అంది నవ్వుతూ. ఆ మాట ఆ ఇంట్లో అందరూ రోజూ అనేదే. అందులో నిజం లేదని కూడా అందరికీ తెలుసు. కాలేజీకి బయల్దేరే వేళకి తలనొప్పిగా ఉందంది. "నువ్వెళ్ళి చూసొచ్చెయ్," అని చెల్లెల్ని పంపేసి మళ్ళీ గుడ్డలు మడతపెట్టుకుంటూ కూర్చుంది.

మధ్యాహ్నం కాకముందే చిన్నమ్మాయి తిరిగొచ్చింది. మామూలుగా వీధి మొదట్లోనే దాని గొంతు వినబడుతుంది. ఇప్పుడు చప్పుడు లేకుండా లోపలికొచ్చి సంచీ కౌంటర్ మీద పడేసింది.

"ఏమైందే?" అన్నాడు బాబాయి, కొత్త కళ్ళజోడు పెట్టించుకుంటున్న పెద్దమనిషి చెవి దగ్గర చెయ్యి అలాగే ఉంచి.

"నా పేరే పెట్టారు."

బాబాయి వేసిన కేకకి ఆ పెద్దమనిషి కళ్ళజోడు జారి ఒళ్ళో పడింది. పిన్ని గరిటె పట్టుకునే మెట్లు దిగొచ్చింది. పెద్దమ్మాయి నవ్వుతూ వచ్చి చెల్లెల్ని కావలించుకోబోయింది. చిన్నమ్మాయి ఆ చేతులు విసిరికొట్టింది.

"నిన్న ఆ గదిలో ఏం చేశావక్కా?"

"ఏం చేశాను?"

"ఇంటర్వ్యూ చేసిన మేడమ్ నన్ను పిలిచి అడిగారు, మీ అక్కకి ఒంట్లో బాగాలేదా అని. ఏ ప్రశ్న వేసినా తెలియదండీ అని తల దించుకున్నావట. నీ పని గురించి అడిగినా తెలియదన్నావట. నిద్రలో లేపి అడిగినా చెప్పేదానివి!"

"భయమేసిందే. నోరు రాలేదు."

"భయమా, నీకా? హెడ్మాస్టర్లతో పోట్లాడి పిల్లలకి పరీక్షలు చేసినదానికా? నాకిచ్చేశావు! చిన్నప్పటినుంచీ బొమ్మలిచ్చినట్టే ఇదీ ఇచ్చేశావు. నేనేమో గెలిచాననుకుని, కాలేజీ అంతా చూస్తుండగా బోర్డు ముందు ఎగిరి గంతేశాను. నాకెంత తల కొట్టేసినట్టుందో తెలుసా?"

బాబాయి ఆ పెద్దమనిషిని గుమ్మందాకా సాగనంపి, "రేపు రండి, ఇవాళ మాకే ఏమీ కనబడటం లేదు," అని షట్టర్ సగానికి దించాడు. పిన్ని పెద్దమ్మాయి ఎదురుగా వచ్చి నిలబడింది.

"నా మొహం చూసి చెప్పు. ఎందుకిలా చేశావు?"

పెద్దమ్మాయి తల ఎత్తకుండానే చెప్పింది. "మొన్న మీ అక్కయ్యగారు వచ్చినప్పుడు నేను మెట్లమీద ఉన్నాను పిన్నీ. ఆ పిల్లని ఇన్నాళ్ళూ నెత్తిన పెట్టుకున్నావు, ఉన్న ఆ ఒక్కటీ కూడా దానికే పోతే నీ కడుపున పుట్టినదాని గతేమిటి అందావిడ. నువ్వేమీ అనలేదు."

వెనక గదిలో సానచక్రం ఆగిపోయింది. పెద్దమ్మాయి తండ్రి తడిచేతులతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"అవును, అనలేదు," అంది పిన్ని. "ఎందుకంటే ఆ క్షణాన నాకూ అలాగే అనిపించింది. కన్నతల్లిని కదే. నా కూతురికి రావాలని దేవుడికి దణ్ణం పెట్టుకున్నాను. పెట్టుకుని, అయ్యో పాపం అనిపించి, నీకూ రావాలని ఇంకోటి పెట్టుకున్నాను. ఒక్క పేరే పంపాలన్న సంగతి ఆయనకి చెప్పడం మర్చిపోయాను."

ఎవరూ నవ్వలేదు.

"అది నా పాపిష్టి మనసు. దాని బాధేదో నేను పడతాను. మధ్యలో నువ్వు కూలీ చెల్లించడం ఏమిటే? నీకు జడలు వేసినందుకా, జ్వరమొస్తే పక్కన కూర్చున్నందుకా? నేను నీకు ఆయానా?"

"అది కాదు పిన్నీ..."

"దాన్నేమీ అనకమ్మా," అన్నాడు గుమ్మంలోంచి పెద్దమ్మాయి తండ్రి. "నేనే నూరిపోశాను. ఏదీ అడగొద్దు, పిన్నికి బరువు కావద్దు, ఉన్నదాంతో సర్దుకోమని. మంచే చెబుతున్నాననుకున్నాను." ఆ మాత్రం మాటలకే ఆయన అలిసిపోయినట్టు గోడకి ఆనుకున్నాడు.

"నేను మాత్రం వెళ్ళను," అంది చిన్నమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ. "రేపు పొద్దున్నే మేడమ్ దగ్గరికెళ్ళి నా పేరు తీసెయ్యమంటాను."

"నీ పేరు తీసేస్తే ఎవడో మూడోవాడు ఎగరేసుకుపోతాడే తిక్కదానా," అన్నాడు బాబాయి. "ఇంటికి దక్కేది కూడా దక్కదు."

"పోతే పోనీ!"

పిన్ని గరిటె కౌంటర్ మీద కొట్టింది. "నోళ్ళు ముయ్యండి అందరూ. రేపు ఇద్దరూ కలిసి వెళ్తున్నారు. పెద్దదానా, కావాలనే చెడగొట్టుకున్నానని నువ్వే మీ మేడమ్‌కి చెప్పు. తిడితే పడు. ఇంకొక్కసారి అడగమని బతిమాలు. ఎవరు గెలిస్తే వాళ్ళు గెలిచినట్టు."

"నేను గెలిస్తేనో?" అంది పెద్దమ్మాయి వినీవినబడనట్టు.

"గెలిస్తే నా కూతురి కోసం కాసేపు ఏడుస్తాను. కళ్ళు తుడుచుకుని నీ పెట్టె సర్దుతాను. నా ఏడుపుకి భయపడి నువ్వు ఓడిపోనక్కర్లేదు."

మర్నాడు మేడమ్ ఇద్దర్నీ కడిగిపారేసింది. ఇంటర్వ్యూ అంటే మీ ఇంట్లో ఆటలనుకున్నారా అంది. సాయంత్రానికల్లా పేరు పంపాలంది. బయటికి పొమ్మంది. ఇద్దరూ కదలకుండా అక్కడే నిలబడ్డారు. "కావాలనే అలా చేశానండీ, తప్పే. ఇంకొక్కసారి అడగండి. తర్వాత మీ ఇష్టం," అని పెద్దమ్మాయి అదేమాట మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆఖరికి ఆవిడ గొణుక్కుంటూనే మిగతా ఇద్దరు లెక్చరర్లనీ పిలిపించి, ల్యాబు బల్లలమధ్యే కూర్చోబెట్టింది.

ఈసారి పెద్దమ్మాయి ఎక్కడా తడుముకోలేదు. బాబాయి కుర్చీలో చెప్పినట్టే, మాట పొల్లుపోకుండా చెప్పింది. చిన్నమ్మాయి తడబడింది. ఒక రంగు దీపం దగ్గర పురుగులు ఎందుకు తక్కువ చేరాయని అడిగితే, "తెలియదండీ, అదే నన్ను పీక్కుతింటోంది. దీపం రంగేనంటారా, వేడా? మీరైతే ఎలా చూస్తారు?" అని వాళ్ళనే ఎదురు అడిగింది. ముగ్గురూ తలో మాటా అనడం మొదలుపెట్టారు. వాళ్ళతో అది వాదన పెట్టుకుంది.

చివరికి మేడమ్ పెద్దమ్మాయిని పక్కకి పిలిచింది. "మీ ఇద్దరిలో నీదే పెద్ద పని. కానీ పాఠం అప్పజెప్పావమ్మా. ఎటునుంచి అడిగినా కంఠతా వచ్చిన చోటికే పోయావు. నీ చెల్లి తెలియని చోట ఆగి మమ్మల్ని కూడా ఆలోచనలో పడేసింది. ఈసారికి దాన్నే పంపుతున్నాను. డిగ్రీ అయ్యాక కాలేజీతో పనిలేదు, వచ్చే ఏడు సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు."

ఇంటికొచ్చేసరికి అందరూ దుకాణంలోనే ఉన్నారు. చిన్నమ్మాయి సంతోషపడాలో వద్దో తెలియక అక్క వెనక నక్కింది.

"దానికే వచ్చింది పిన్నీ," అంది పెద్దమ్మాయి. "ఈసారి నిజంగానే ఓడిపోయాను. పర్వాలేదు. నాకు సంతోషంగానే ఉంది."

పిన్ని దాని మొహంలోకి చూసింది. "సంతోషంగానే ఉందా?"

"ఊఁ." పెదవి వంకర తిరిగింది. "ఉంది." గడ్డం వణికింది. "లేదు! ఏం సంతోషం? నాకు కావాలి అది! ఎండలో బడులన్నీ తిరిగిందెవరు? దాని పురుగులకంటే నా పిల్లలు తక్కువయ్యారా? బాబాయ్, అంతా నీవల్లే! చిలకలా బట్టీ పట్టించావు! నాన్నా, నువ్వూ అంతే, సర్దుకో సర్దుకో అని నా ప్రాణం తీశావు!"

బాబాయి నోరు వెళ్ళబెట్టాడు. ఆ పిల్ల గొంతు అంత పెద్దదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. వీధిలో పోతున్నవాళ్ళు ఇద్దరు ఆగి లోపలికి తొంగిచూశారు.

"నువ్వు నవ్వకే!" అని చెల్లెలి మీదికి వెళ్ళింది. "నీ మొహం చూస్తే ఒళ్ళు మండుతోంది. వచ్చే ఏడు నేను పెడతాను. ఎవరడ్డొస్తారో చూస్తాను. అందాకా నీ పురుగుల సీసాలు నా బల్లమీద పెట్టావంటే వీధిలోకి విసిరేస్తాను!"

పిన్ని మెట్టు మీద కూలబడిపోయి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆవిడ భుజాలు కదులుతుంటే పెద్దమ్మాయి హడలిపోయింది.

"పిన్నీ... ఏదో కోపంలో అనేశాను. తప్పైపోయింది."

"ఆపకే!" అంది పిన్ని కొంగు తీసి. మొహమంతా కన్నీళ్ళు, ఆ కన్నీళ్ళలోనే నవ్వు. "ఇంకా అరవ్వే. నిన్ను ఎత్తుకున్న రోజునుంచీ ఎదురు చూస్తున్నానే, ఒక్కసారైనా అలుగుతావేమో, ఇది కావాలని నేల మీద పడి దొర్లుతావేమోనని. నీ చెల్లెలు రోజూ నన్ను కాల్చుకుతింటుంది. నువ్వు ఒక్క గౌను కూడా అడగలేదు. ఇంటికొచ్చిన చుట్టాలు ఉంటారే అంత మర్యాదగా, కన్నపిల్లలు ఉండరు. నా పెంపకంలో ఏం లోపమో అని ఎన్నిసార్లు ఏడ్చానో తెలుసా?"

పెద్దమ్మాయి ఆవిడ ఒళ్ళో తలపెట్టి బావురుమంది. సిగ్గూ మర్యాదా వదిలేసి ఎక్కిళ్ళు పడుతూ ఏడ్చింది. పిన్ని ఆ జుట్టు నిమురుతూ కూర్చుంది. చిన్నమ్మాయి వచ్చి పక్కనే చతికిలబడి అక్క చెయ్యి పట్టుకుంది. ఈసారి ఆ చెయ్యిని ఎవరూ విదిలించుకోలేదు.

"ఇంకేం కావాలో చెప్పు," అంది పిన్ని.

"విడిగా గది కావాలి."

"ఇస్తాం."

"కిటికీ ఉన్నది."

"అమ్మా! అది మా ఇద్దరి గదే, నా మంచం అందులోనే ఉంది," అంది చిన్నమ్మాయి.

"నాక్కావాలి," అంది పెద్దమ్మాయి, వెక్కుతూనే.