దీపం ఆరిన మెట్టు

సంచి అడుగున దుప్పటి వేయాలి. దాని మీద బురదగొట్టం, గొట్టం పక్కన గాజు సీసాలు, సీసాలు ఒకదానికొకటి తగలకుండా మధ్యలో గుడ్డ పేలికలు. అచ్చమాంబ ఇరవై రెండేళ్లుగా ఇదే వరసలో సర్దుతోంది. జల శాఖ వస్తువులు నాలుగు, వాయు శాఖవి నాలుగు, మృత్తిక శాఖవి నాలుగు. మనిషి కోసమంటూ ఇచ్చేవి మూడే: దుప్పటి, ఒక కొవ్వొత్తి, ఒక అగ్గిపెట్టె. మొత్తం ఏడు కిలోలు. ఎక్కువైనా తక్కువైనా పడవ ఎక్కనివ్వరు.

ఈ రోజు ఆమె ఒక వస్తువు పెట్టలేదు. లోతు చూసే సీసపు గుండు, తొమ్మిది వందల గ్రాములది, బల్ల కింద బియ్యం డబ్బాలో ఉంది. తూకం తగ్గితే అప్పగింత జరగదు. కొత్త గుండు పోత పోయించేసరికి నెల పడుతుంది. ఈలోగా పడవ వెళ్లిపోతుంది, మళ్లీ మూడు నెలలకు గాని రాదు. ఆ మూడు నెలలూ కెజియా ఇక్కడే ఉంటుంది. చలికాలం ఇక్కడే గడిచిపోతుంది.

మెట్ట విశ్వవిద్యాలయంలో మొదటి ఏడాది అందరూ చదివేది ప్రవేశ సమగ్ర విజ్ఞానం. కొంచెం నీరు, కొంచెం గాలి, కొంచెం మట్టి, కొంచెం జీవం. పాసైనవాళ్లను మునకలో, అంటే సముద్రం ముంచేసిన నేలలో, ఉన్న పది ట్యాంకులకు పంపుతారు. సముద్రం లోపలికి రాకముందు అవి ఊళ్లకు మంచినీళ్లు ఇచ్చిన ట్యాంకులు. ఇప్పుడు నీటిపైకి స్తంభాలు, మెలికల మెట్లు, ఆ పైన గుండ్రటి తొట్టి మాత్రం కనిపిస్తాయి. నీటికి రెండడుగుల ఎత్తున ఒక గది కట్టారు. అందులో తొంభై రోజులు ఒక్కరే ఉండి, రోజుకు మూడు అంకెలు పంపాలి, శాఖకొకటి. అంకెలు పంపే పెట్టెలో అక్షరాలు ఉండవు. 'చదవడం మీ పని, కలపడం శాఖల పని' అని తరగతి గోడ మీద రాసి ఉంటుంది. శాఖలు మూడూ మూడు గుట్టల మీద ఉన్నాయి. ఒక గుట్ట మీదివాళ్లు ఇంకో గుట్ట ఎక్కడం అచ్చమాంబ ఎన్నడూ చూడలేదు.

నాలుగో ట్యాంకుకు వెళ్లినవాళ్లలో ముగ్గురు తిరిగి రాలేదు, వాళ్ల సంచులే వెనక్కి వచ్చాయి. జోజి, సల్మా, తాతారావు. ముగ్గురూ చలికాలంలోనే. నిద్రలో గుండె ఆగిందని కాగితం. వాళ్లలో ఎవరు పడవలో ఏ పక్కన కూర్చున్నారో, ఎవరు వెనక్కి తిరిగి చూశారో, ఎవరు చూడలేదో ఆమెకు ఇప్పటికీ గుర్తే. వచ్చిన సంచులు విప్పడం కూడా ఆమె పనే. సంచుల్లో మిగిలిన పాఠ్యపుస్తకాలతోనే ఆమె చదవడం నేర్చుకుంది. అర్థం కాని మాటలు ఈ ఏడాదంతా కెజియాను అడిగి తెలుసుకుంది.

"సర్దేశావా మామ్మా?" అంటూ కెజియా లోపలికి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల, ఈసారి నాలుగో ట్యాంకుకు వెళ్లాల్సింది ఆమే. ఆమె తాతల ఊరు ఆ నాలుగో ట్యాంకు కిందే ఎక్కడో ఉంది.

"అయిపోవచ్చింది. కూర్చో, టీ తాగు."

కెజియా కూర్చోలేదు. సంచిని ఒక చేత్తో ఎత్తి మళ్లీ దించింది. "గుండు లేదు."

"పోయింది."

"ఎక్కడ పోయింది?"

"ఎక్కడ పోయిందో తెలిస్తే పోయిందని ఎందుకంటానే."

కెజియా నవ్వింది. "నన్ను ఆపడానికి గుండు దాచావా? ఏనుగును ఆపడానికి గొలుసు దాచినట్టుంది."

అచ్చమాంబకు నవ్వు రాలేదు. పెట్టె తీసి, కాగితంలో చుట్టిన మూడు కొవ్వొత్తులు, కొన్ని అగ్గిపుల్లలు బల్ల మీద పెట్టింది. "ఆ ముగ్గురి సంచుల్లోవి. ఏ శాఖా అడగలేదు, నేనే దాచాను. చూసి, ఆ తర్వాత వెళ్తానను."

కెజియా ఒక్కొక్కటే వెలుగులోకి పట్టి చూసింది. మూడూ చూపుడువేలంత మిగిలి ఉన్నాయి. అగ్గిపుల్లల తలలు మాత్రమే నల్లబడ్డాయి. పుల్లకు మంట అంటుకోలేదు.

"గాలికి ఆరితే మళ్లీ వెలిగించుకునేవాళ్లు," అంది నెమ్మదిగా. "పుల్ల మీద పుల్ల గీశారు. ఒక్కటీ నిలవలేదు." మూడు కొవ్వొత్తులనూ వరసగా నిలబెట్టింది. "మొదటి వారం ప్రయోగం ఇది. గాజు తొట్టిలో మూడు మెట్లు, మెట్టుకో కొవ్వొత్తి. బొగ్గుపులుసు వాయువు పోస్తే కింది మెట్టుది ముందు ఆరుతుంది. గాలికంటే బరువు కదా, అడుగునుంచి నిండుతుంది."

"మా నాన్న బావుల్లో పూడిక తీసేవాడు," అంది అచ్చమాంబ. "దిగేముందు లాంతరు దించేవాడు. ఆరిపోతే ఆ రోజుకి దిగేవాడు కాదు." ఆగి అడిగింది. "గాలి కొలిచే మీటరు ఎక్కడుంటుందే?"

"తొట్టి మీద. నలభై మెట్లు పైన."

"మంచం?"

"కింద."

మునిగిన రొయ్యల చెరువుల బురద కుళ్లి బుడగలు పుడుతున్నాయని మృత్తిక శాఖకు తెలుసు. చలిగాలి వీచిన రోజున అడుగునీరు పైకి తిరగబడుతుందని జల శాఖకు తెలుసు. తొట్టి మీద గాలి బాగుందని వాయు శాఖకు తెలుసు. ఈ మూడింటినీ ఒక పుస్తకంలో చదివింది మొదటి ఏడాది పిల్లలే.

"ఇంకేం మరి. వెళ్లకు. అర్జీ పెడదాం."

"మూడు గుట్టల మీద మూడు అర్జీలు. జవాబు వచ్చేసరికి ఉగాది. నాకంటే ముందు వెళ్లిన దివాకర్ ఇంకా అక్కడే ఉన్నాడు మామ్మా. ఒకరు దిగితేనే పడవ ఇంకొకరిని ఎక్కించుకుంటుంది. నేను వెళ్లకపోతే అది నాలుగో ట్యాంకు దగ్గర ఆగదు. అతనికి ఇంకో తొంభై రోజులు, ఆ మంచం మీదే. పైకెక్కి పడుకో అని అంకెల్లో ఎలా చెప్తావు?"

"అతన్ని తెచ్చుకోవడానికి నిన్ను పంపనా?"

"నేను తొట్టి మీద పడుకుంటాను. రోజూ పొద్దున్నే మీ నాన్నలా తాడు కట్టి దీపం దించుతాను. కాకపోతే ఈ ఒక్క కొవ్వొత్తి వారం కూడా రాదు."

అచ్చమాంబ బల్ల కిందికి వంగింది. బియ్యం డబ్బా మూత తీసింది. గుండు అలాగే ఉంది. దాన్ని పైకి తీయలేదు. మూత పెట్టేసి, గిడ్డంగి అరలోంచి కొవ్వొత్తులు, అగ్గిపెట్టెలు తెచ్చి, చేత్తో బరువు చూసుకుంటూ ఒక గుడ్డలో మూట కట్టింది. ఎక్కువైందనిపించి ఒకటి తీసింది. తక్కువైందనిపించి మళ్లీ పెట్టింది.

"గుండు లేకపోతే జల శాఖకు ఏ అంకె పంపుతావే?"

"దీపం ఆరిన మెట్టు."

అప్పగింత పదకొండు గంటలకు రేవు గేటు దగ్గర. కాటా చూసే అప్పలస్వామి జాబితా చదువుతాడు, అచ్చమాంబ వస్తువు ఎత్తి చూపిస్తుంది, వెళ్లేవాళ్లు అది దేనికో చెబుతారు. చివర ఆమె ముడి వేసి లక్క అద్దితేనే సంచి పడవ ఎక్కుతుంది.

"ఏంటండి మామ్మగారూ, ఇవాళ ఇంత నిదానం? కూతురికి సారె సంచి సర్దినట్టుంది."

"చలి. నువ్వు చదువు."

"బురదగొట్టం."

"అడుగు మట్టి తీయడానికి," అంది కెజియా.

వరసగా పదకొండు అయ్యాయి.

"గుండు."

అచ్చమాంబ గుడ్డమూట ఎత్తింది. మూట నోట్లోంచి రెండు వత్తులు పైకి కనిపిస్తున్నాయి.

"లోతు తెలుసుకోవడానికి," అంది కెజియా. గొంతు మారలేదు.

అప్పలస్వామి మూట వైపు చూశాడు. సల్మా సంచిని పడవ నుంచి మోసుకొచ్చింది అతనే. సంచిని కాటా మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా ఆగాడు. "ఏడు," అని రాసుకున్నాడు. "ముడి వెయ్యండి."

ఇరవై రెండేళ్లలో ఆమె వేసిన తప్పుడు ముడి అదొక్కటే. పడవ కదిలాక కెజియా వెనక్కి తిరిగి చూసింది. చూడకపోయినా బాగుండేదని అచ్చమాంబ అనుకుంది.

మర్నాడు సాయంత్రం అదే పడవలో దివాకర్ దిగాడు. పొద్దున లేస్తే తల పగిలిపోయేదని, మెట్లెక్కితే తగ్గేదని చెప్పాడు.

పది ట్యాంకుల అంకెలు రోజూ రేవు దగ్గర పలక మీద రాస్తారు. నాలుగో వరస జల శాఖ గడిలో పన్నెండు రోజులు సున్నా. తర్వాత మూడు. మళ్లీ సున్నా. ఐదు. పదకొండు. గుండు తాడు చెడినట్టుందని జల శాఖ ఎర్ర సిరాతో చీటీ అంటించింది. చీటీ అంటించి ఊరుకుంది.

నలభై ఎనిమిదో రోజున మూడు గళ్లలోనూ ఒకే అంకె: ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఆరు. గాలికి అది ఉండదగిన అంకె కాదు, మట్టికీ కాదు. మర్నాడు ఇరవై తొమ్మిది, మూడింట్లోనూ. మూడో రోజు మూడు గుట్టల మీదినుంచి ముగ్గురు అధికారులు అదే ఫిర్యాదుతో దిగి వచ్చారు. సంచిలో ఏం వెళ్లిందో తెలిసేది ఒక్క చోటే కనుక ముగ్గురూ వచ్చింది అచ్చమాంబ గదికే. ఒకరి పేరు ఒకరికి తెలియక, గుమ్మంలో నిలబడి నమస్కారాలు చెప్పుకున్నారు.

"గుండు ఎక్కడమ్మా?" అన్నాడు జల శాఖాయన.

ఆమె బియ్యం డబ్బాలోంచి గుండు తీసి బల్ల మీద పెట్టింది. దాని పక్కన మూడు కొవ్వొత్తులు, అగ్గిపుల్లలు పెట్టింది. "తప్పు నాదే. రాసుకోండి. కాని ముందు కూర్చుని, మీ మూడు పుస్తకాలూ ఒక్కసారి ఇక్కడ పక్కపక్కన పెట్టి చూడండి."

ముగ్గురూ కూర్చున్నారు. మధ్యాహ్నానికి వాళ్లలో ఒకరు లేచి, రెండు పడవలు సిద్ధం చేయమని కేక వేశారు.

పడవలు బయలుదేరిన పొద్దున పలక మీద నాలుగో వరసలో మూడు గళ్లలోనూ నలభై అని ఉంది, తొట్టికి ఆఖరి మెట్టు. ఆ తర్వాత ఆ వరసలో ఎవరూ ఏమీ రాయలేదు.

మిగతా తొమ్మిది ట్యాంకుల వాళ్లూ, పడవలు తెచ్చిన కబురుతో మంచాలు పైకి ఎక్కించుకుని, చలికాలం దాటి, గడువుకు తిరిగి వచ్చారు. కెజియా రాలేదు. పలక మీద నలభై రాసిన రోజు మునక నలభై ఒకటో ఏడు, జనవరి పదకొండు.