అభయం కోరని తిర్సా

కంబుకోట రాజ్యానికి మూడు దిక్కులా సముద్రం, నాలుగో దిక్కున కాకికొండలు. ఆ కొండల్లోకి ధూమ్రకేశుడనే రాక్షసుడు వచ్చి చేరిన ఏడాది నుంచి ఆ రాజ్యానికి కంటిమీద కునుకు లేకుండా పోయింది. వాడి వెంట ఇనుప భటులు వచ్చేవారు. వాళ్ళ మీద కత్తి వేస్తే కత్తే విరిగేది. వాళ్ళు పొలిమేర ఊళ్ళను తగలబెట్టి, అడ్డొచ్చినవారిని నరికి, ఆ తలలను కోట ముందు పోగువేసి వెళ్ళేవారు. విక్రాంతవర్మ మహారాజు ఏడుసార్లు సైన్యాన్ని పంపాడు. వెళ్ళినవారిలో చాలామంది చచ్చారు. మిగిలినవారు రాక్షసుడి వెనక ఇనుప భటులై తిరిగి వచ్చారు. అలా వాళ్ళ సంఖ్య నలభైకి చేరింది.

కోటకు తూర్పున, సముద్రపు ఒడ్డున, యూదుల పేట ఒకటి ఉండేది. ఎన్నో తరాల కిందట వాళ్ళ పూర్వులు ఓడ పగిలి ఆ ఒడ్డుకు కొట్టుకువస్తే, అప్పటి రాజు వాళ్ళకు చోటిచ్చాడు. వాళ్ళు నువ్వులు గానుగాడి బతికేవారు. శుక్రవారం పొద్దు గూకగానే ఎద్దుల కాడి దించేసి, శనివారం చీకటి పడేదాకా ఏ పనీ ముట్టేవారు కాదు.

ఆ పేటలో ఎలియాజరు అనే ముసలాయనకు ఇద్దరు పిల్లలు. కొడుకు ఆషేరు రాజుగారి సైన్యంలో ఉండేవాడు. కూతురు తిర్సాకు పద్దెనిమిదేళ్ళు. ఏడో దండుతో వెళ్ళిన ఆషేరు నెల తిరక్కుండానే కోట మీదికి వచ్చిన ఇనుప భటుల్లో కనిపించాడు. తిర్సా గోడ మీదనుంచి "అన్నయ్యా!" అని గొంతు చించుకుని అరిచింది. అతడు తలెత్తి చూశాడు. చెల్లెలని గుర్తుపట్టిన జాడే ఆ కళ్ళలో లేదు.

వెళ్ళబోతూ ధూమ్రకేశుడు పెద్దగా నవ్వాడు. "వచ్చే శనివారం తూర్పు పేట వంతు! ఆ రోజు వాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చుంటారట కదా!"

ఆ సాయంత్రమే తిర్సా తండ్రి ముందు నిలబడింది. "నాన్నా, నేను కాకికొండలకు వెళతాను."

 ఎలియాజరు గడ్డం తడుముకుంటూ, "దేవుణ్ణి నమ్ముకుని ఇంట్లోనే ఉండమని చెప్పాలని ఉందమ్మా. కానీ అది నమ్మకం కాదు, నా పిరికితనం," అన్నాడు.

"గెలుస్తానంటావా?"

"నాకేం తెలుసు తల్లీ? గానుగ తిప్పడం మన వంతు, నూనె దిగడం ఆయన వంతు. నిన్ను గెలిపించి తీరతాడని నేను మాటివ్వలేను. ఏం జరిగినా నీ చెయ్యి మాత్రం వదలడు. అది నమ్ము."

తిర్సా ఒక ఈటె, నడుముకు ఒక బాకు తీసుకుని బయలుదేరింది.

మూడో రోజున ఆమెకు పాలవాగు అడ్డొచ్చింది. నడుంలోతు నీటిలో సగం దూరం నడిచేసరికి, తాటిమానంత మొసలి ఒకటి పైకి లేచి, ఆమె ఎడమ కాలు పట్టేసింది. అది రాక్షసుడు కాపలా పెట్టిన మాటలాడే మొసలి. పళ్ళ సందుల్లోంచే బుసకొడుతూ, "మీ దేవుణ్ణి పిలువు పిల్లా! వచ్చి లాగుతాడేమో చూద్దాం!" అంది.

తిర్సాకు ప్రాణం పోయినంత నొప్పి పుట్టింది. నీళ్ళు ఎర్రబడ్డాయి. "పిలిచానులే! ఆయనిచ్చిన చేతులు నాకింకా ఉన్నాయి!" అంటూ ఈటెను రెండు చేతులా ఎత్తి మొసలి కంట్లో దించింది. అది గిలగిల్లాడి నోరు తెరిచింది. తిర్సా వెనక్కి తగ్గలేదు. ఈటెను పీకి ఆ తెరిచిన నోట్లోకే, గొంతులోకి దిగేలా పొడిచింది. ఈటె విరిగింది, మొసలి చచ్చింది. ఆమె కుంటుతూ ఒడ్డు చేరి, పైట చెరుగు చింపి కాలికి కట్టుకుంది. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.

కుంటికాలితో నడక సాగక, కొండ మొదలు చేరేసరికి శుక్రవారం సాయంత్రమైంది. అక్కడొక రాతి గుహలో ఒంటిచేతి ముసలివాడు ఉన్నాడు. అతడి పేరు భద్రసేనుడు. ఒకప్పుడు రాజుగారి సేనాపతి. మొదటి దండును నడిపినవాడు.

"వెనక్కి పో అమ్మాయీ!" అన్నాడతడు. "వాడి మెడలో ఎర్రరాళ్ళ దండ ఒకటుంది. అవి రాళ్ళు కావు, మావాళ్ళ గుండెలు. వాడు మనిషిని చావు అంచుకు తెచ్చి, 'నీ గుండె నాకియ్యి, ఇక నీకు చావే లేకుండా అభయమిస్తా' అంటాడు. 'సరే' అంటే చాలు, మనిషి ఇనుమైపోతాడు."

"ఆ దండ తెంపితే?"

"ఎవరి గుండె వాళ్ళకు చేరుతుంది. కానీ వాడు తాటిచెట్టంత వాడు. మన రొమ్ము మీద చెయ్యి వెయ్యడానికి వంగినప్పుడే దండ అందుతుంది. ఆ ఒక్క క్షణం 'సరే' అనకుండా ఉన్నవాణ్ణి నేను చూడలేదు. నేనూ అనబోయాను. వాడు పట్టుకున్న నా చేతిని నేనే నరుక్కుని పారిపోయి వచ్చాను." ముసలివాడు తల దించుకున్నాడు. తరవాత అడిగాడు: "నీకు భయం లేదూ?"

"ఎందుకు లేదు తాతా? ఒళ్ళంతా వణుకుతోంది. కానీ నా గుండె నాది కాదుగా, అమ్ముకోడానికి. ఇచ్చినవాడు వేరే ఉన్నాడు."

తెల్లవారింది. అది శనివారం. ఆమె కొండెక్కబోతుంటే, భద్రసేనుడు ఆశ్చర్యంగా, "ఈ రోజు మీకు నిషేధం కదా?" అన్నాడు.

"ప్రాణాలు కాపాడాల్సి వస్తే ఏ రోజైనా కదలాల్సిందేనని మా పెద్దలు చెప్పారు," అని తిర్సా ముందుకు సాగింది. ముసలివాడు గుహలోని పాత కత్తి తీసుకుని వెనకాలే నడిచాడు.

కొండమీది మైదానంలో ఇనుప భటులు దండయాత్రకు బారులు తీరి ఉన్నారు. వీళ్ళను చూడగానే విరుచుకుపడ్డారు. భద్రసేనుడి కత్తి రెండు వేట్లకే ముక్కలైంది. ఒక భటుడి గుద్దుకు అతడు పక్కటెముకలు విరిగి, నెత్తురు కక్కుకుంటూ పడిపోయాడు. ఇద్దరు తిర్సా జుట్టు పట్టి ఈడ్చుకుపోయి, ధూమ్రకేశుడి ముందు మోకాళ్ళ మీద కూలేశారు. మూడోవాడు వచ్చి ఆమె మెడ మీద కత్తి ఆనించాడు. ఆమె ఓరగా చూసింది. అతడు ఆషేరు!

"సొంత అన్న చేతిలో చస్తావా, బతుకుతావా?" రాక్షసుడు ఆమె రొమ్ము మీద చెయ్యి వెయ్యడానికి వంగాడు. వాడి ఊపిరి బొగ్గుల పొగలా తగిలింది. "గుండె ఇయ్యి. అభయం తీసుకో. నీ దేవుడు ఇంతవరకూ రాలేదు, చూశావుగా!"

 'సరే' అన్న మాట తిర్సా నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె కళ్ళు మూసుకుంది. తమవారు పొద్దున్నా సాయంత్రం చెప్పుకునే మాట, చనిపోయేటప్పుడు కూడా చెప్పుకునే మాట, ఆమె నోటి వెంట వచ్చింది.

"దేవుడు ఒక్కడే. నువ్వు కాదు!"

"నరుకు!" అని రాక్షసుడు గర్జించాడు.

కత్తి పైకి లేచింది. అదే క్షణంలో తిర్సా ఎడమచేత్తో దండ ఒడిసిపట్టి, కుడిచేత్తో బాకు లాగి కోసింది. ఎర్రరాళ్ళు చెల్లాచెదురుగా రాలాయి. ఆషేరు చెయ్యి గాలిలోనే తడబడింది. మెడ మీద పడవలసిన కత్తి జారి, ఆమె భుజంలో ఎముకదాకా దిగింది.

"తిర్సా!" అని అన్న కేక వినిపించింది. భటుల ఒంటిమీది ఇనుము పెంకులు పెంకులుగా ఊడి రాలింది.

ఆ గుండెల బలమే పోయాక ధూమ్రకేశుడు కుంచించుకుపోయి, మామూలు మనిషంత అయ్యాడు. అయినా వాడు కసికొద్దీ తిర్సా గొంతు పట్టి నులిమాడు. ఆమె కళ్ళు బైర్లుకమ్ముతుండగా బాకును వాడి డొక్కలోకి పిడిదాకా దింపింది. ఆషేరు వాడి తల తెగనరికాడు. మొండెం దొర్లి కొండ అంచునుంచి లోయలో పడింది.

భద్రసేనుణ్ణి చెట్టుకొమ్మలతో కట్టిన డోలీలో మోసుకుంటూ అందరూ కొండ దిగారు. దారిలో ఆషేరు, "నువ్వు గెలుస్తావని నీకు ముందే తెలుసా?" అని అడిగాడు.

"తెలియదు."

"మరి ఎలా వచ్చావే?"

"తెలిస్తే నమ్మడమెందుకు అన్నయ్యా?" అంది తిర్సా.

కోట కనిపించగానే ఆ నలభైమందీ ఆగిపోయారు. ఇనుమై ఉండగా తాము చేసినదంతా వాళ్ళకు జ్ఞాపకముంది. తమ చేతులతో తామే కాల్చిన ఊళ్ళ నడుమ నిలబడి లోపలికి అడుగు వెయ్యలేకపోయారు. తిర్సా ఒక్కతే వెళ్ళి మహారాజును వెంటబెట్టుకొచ్చింది. ఆయన వాళ్ళను ఒక్కొక్కరినే చూస్తుండగా, కాలిపోయిన ఒక ఊరి ముసలమ్మ కుండతో నీళ్ళు తెచ్చి ఆషేరు చేతికిచ్చింది. "ముందు దాహం తీర్చుకో నాయనా. తరవాత నా ఇల్లు కట్టిపెట్టు," అంది.

ఆషేరు ఆ నీళ్ళు తాగుతూ బావురుమన్నాడు.

ఆ నలభైమందీ మూడేళ్ళపాటు ఊళ్ళు కట్టారు. భద్రసేనుడు కోలుకుని, తన సేనాపతి ముద్రికను తానే తిర్సా వేలికి తొడిగాడు. ఆమె భుజం మీది గాయం మానినా చెయ్యి పూర్తిగా పైకి లేచేది కాదు. ఆ చేత్తోనే ఆమె కంబుకోటను ముప్ఫై ఏళ్ళు కాపాడింది. కాకికొండల దారిలో పసిపిల్లలు కూడా పాటలు పాడుకుంటూ నడిచిన రోజులవి.