ఒకే ఫ్రేములో అరవై మంది

ఉదయం ఎనిమిది గంటలకు రీటచర్‌ని చంపేశారు. కుర్చీలోనే, కంప్యూటర్ ముందే, మెడకు కెమెరా బెల్టు బిగించి. ఫోటోల్లో మచ్చలు చెరిపే పని అతనిది. రహస్య విభాగానికి సమాచారం అందించేవాడు కూడా అతనే. ఆ సంగతి హంతకులకు కాస్త ఆలస్యంగా తెలిసింది. అప్పటికే రెండు వాక్యాలు పంపేశాడు.

"గ్యాస్ అలారం ఎర్రదీపం ఫ్రేములో పడుతోంది, ఒక్క నిమిషంలో చెరిపేస్తానన్నాను. చెరపడం కాదు, దీపాన్నే ఆర్పించాలన్నాడు."

విభాగం పెద్దాయన ఆ కాగితాన్ని బల్ల మీదుగా తోశాడు. ఎదురుగా కూర్చున్న ఏజెంట్ కోడ్‌నేమ్ దుమ్ము. ఎక్కడున్నా ఎవరి కంటికీ ఆనడు.

"అన్నదెవరు సార్?"

"మాస్టర్. ఇండస్ట్రియల్ ఫోటోగ్రఫీ ఫెస్టివల్‌కి వచ్చిన స్టార్ ఫోటోగ్రాఫర్. విదేశీ ముఠా మనిషని అనుమానం, రుజువు లేదు. ఈసారి ఫెస్టివల్ ఉక్కు ఫ్యాక్టరీలో. పన్నెండింటికి లైవ్ ఫోటో. మూడు షిఫ్టుల నుంచీ ఏరిన అరవై మంది ఫర్నేస్ పనివాళ్ళు, ఒకే ఫ్రేములో."

"చెరిపితే పోయే దీపాన్ని నిజంగా ఆర్పడమెందుకు?"

"అదే తేల్చు. సైరన్ కూడా ఆ స్విచ్చి మీదే ఉంది."

"ఫోటో ఆపించేద్దాం."

"యాజమాన్యానికి ఫోన్ చేశాను. బ్రోషర్ ప్రింటుకి వెళ్ళాలట. రుజువు తెమ్మన్నారు."

"ఆ అరవైలో మా బావమరిది ఉన్నాడు సార్."

"తెలుసు. ఇంకొకణ్ణి పంపే టైము లేదు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "లోపల నెమలి ఉంది. ఫెస్టివల్ డైరెక్టర్. ముఠా కూడా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

"అసలు ఎవరి మనిషి?"

"ఇవాళ తెలుస్తుంది. వెలుతురు సరిపోతుందా అని అడుగు. నీడే ఎక్కువైందంటే మన పక్షం."

పదకొండున్నరకు దుమ్ము ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఖాకీ చొక్కా, భుజాన గుడ్డ. హెల్మెట్లు తుడిచేవాడి వేషం. విభాగం ఇచ్చిన గూఢచారి కళ్ళద్దాలకు ఫర్నేస్ వేడికి ఆవిరి పట్టింది. తిట్టుకుంటూ తీసి జేబులో వేసుకున్నాడు.

దారి పొడవునా నిలువెత్తు ఫోటోలు. మిలమిలలాడే గేర్లు, చిమ్నీలు, చేతులు కట్టుకుని నవ్వే ఆఫీసర్లు. పనిచేసేవాడు ఉన్నచోట వీపు మాత్రమే ఉంది. అదీ యంత్రం ఎంత పెద్దదో తెలియడానికి!

ఫర్నేస్ షెడ్డులో అరవై మందీ నాలుగు వరసల్లో నిలబడి ఉన్నారు. రెండో వరసలోంచి ఒక గొంతు లేచింది.

"బావా! నువ్వేంటి ఇక్కడ?"

"అరవకురా."

"ఇన్సూరెన్స్ పని ఊడిందా? అక్కకి తెలుసా?"

దుమ్ము అతని హెల్మెట్ తుడుస్తున్నట్టు దగ్గరికి జరిగాడు. "నీ జేబుకుండే గ్యాస్ మీటరు ఏది?"

"ఫోటోలో ఎబ్బెట్టుగా ఉందని మాస్టర్ తీయించేశాడు. అందరివీ ఆఫ్ చేసి, అదిగో, ఆ మైకు పక్కన ప్లాస్టిక్ తొట్టిలో పోశారు. కొత్త యూనిఫాం చూడు, పెళ్ళికొడుకులా లేనూ?"

"ఆ నల్లగుడ్డలేంటి?"

"కిటికీలకీ, వెంటిలేటర్లకీ కట్టించాడు. ఎండ లోపలికొస్తే వెలుతురు పాడైపోతుందట. బ్యానర్ ఊగుతోందని ఫ్యాన్లూ ఆపించాడు. కళాకారుడు కదా, కాస్త తిక్క."

దుమ్ము తలెత్తి వెంటిలేటర్ల వైపు చూశాడు. తిక్క కాదు. ఫర్నేస్ గ్యాసుకు రంగు లేదు, వాసన లేదు. తల దిమ్మెక్కిందని గ్రహించేలోపే మోకాళ్ళు కూలిపోతాయి. గాలి ఆపేశాడు, దీపం ఆపేశాడు, సైరన్ ఆపేశాడు, మీటర్లు ఆపేశాడు. ఒక్క తాళం పగలగొట్టకుండా! ఫోటో కోసమంటే చాలు, యాజమాన్యమే దగ్గరుండి అన్నీ చేసిపెట్టింది.

మూడు షిఫ్టుల వాళ్ళు ఒకచోట చేరేది ఫోటోకే. ఫర్నేస్ పేలిపోతే ఏడాదిలో కొత్తది కట్టుకోవచ్చు. ఈ అరవై జతల చేతులు తయారవడానికి ఇరవై ఏళ్ళు పడుతుంది. ఆ సంగతి శత్రువుకు తెలుసు. వీళ్ళకు జీతమిచ్చేవాడికే తెలియదు.

"నువ్వు బయటికి నడు."

"పిచ్చా బావా? వరస కదిలితే సస్పెన్షన్ అన్నారు."

పదకొండూ యాభై రెండు. లౌడ్‌స్పీకర్లో మాస్టర్ గొంతు మోగింది. కెమెరా షెడ్డులో ఉంది, ఆయన మాత్రం తలుపు బిగించిన గాజు క్యాబిన్లో ఉన్నాడు. "కెమెరాకి టైమర్ పెట్టాను. పన్నెండయ్యేదాకా ఎవరూ కదలకండి."

ఆకుపచ్చ పట్టుగౌను, నల్లకళ్ళద్దాలు. నెమలి టకటకమంటూ వచ్చింది. దుమ్ము అడ్డం వెళ్ళాడు.

"వెలుతురు సరిపోతుందా మేడమ్?"

ఆమె అతన్ని మాసిన గుడ్డను చూసినట్టు చూసింది. "తుడిచేవాడివి తుడువు." రెండడుగులు దాటాక, వెనక్కి తిరక్కుండానే అంది. "నీడే ఎక్కువైంది. రెండో లైట్ స్టాండులో మోటారు ఉంది. గ్యాస్ పైపు వాల్వ్ తెరిచేసింది."

"ఎప్పుడు?"

"మూడు నిమిషాలైంది."

"ముందే చెప్పి చావొచ్చుగా!"

"రీటచర్ చెప్పాడు. చచ్చాడు. నేను క్యాబిన్ సంగతి చూస్తా."

దుమ్ము వరసల ముందుకు ఉరికాడు. "గ్యాస్ వదిలారు! పరుగెత్తండి!"

"తాగొచ్చాడు," అన్నాడు స్పీకర్లో మాస్టర్. "ఎవరూ కదలొద్దు. సెక్యూరిటీ!"

అరవై మందీ తలుపు దగ్గర నిలబడ్డ జనరల్ మేనేజర్ వైపు చూశారు. ఆయన కదలొద్దన్నట్టు వేలు ఊపాడు. వెనక వరసలో ఒకడి మోకాళ్ళు వంగాయి. ఫోటో పాడవకూడదని పక్కవాడు నడుం పట్టి నిలబెట్టాడు!

"తల తిరుగుతోంది బావా..."

ఇద్దరు గార్డులు దుమ్ము రెక్కలు విరిచి పట్టుకున్నారు. ఒకడి కాలు తొక్కి, రెండోవాణ్ణి తలతో కుమ్మి, తొట్టి మీద పడ్డాడు. ఒక మీటరు దొరకబుచ్చుకుని బటన్ నొక్కాడు. అది మేలుకోడానికి పదిహేను సెకన్లు. గార్డు మెడ పట్టి లాగుతున్నాడు. పది. దుమ్ము మైకు స్టాండును వాటేసుకున్నాడు. ఐదు. వీపు మీద లాఠీ పడింది. మీటరును మైకుకి అదిమిపెట్టాడు.

కీచుమంది. ఎనిమిది లౌడ్‌స్పీకర్లూ ఒక్కసారే కీచుమన్నాయి.

గ్యాసుంటే పరుగెత్తమనే ఆ మోత ఏళ్ళ తరబడి వాళ్ళ ఒంట్లో ఉంది. అప్పుడు ఎవడూ జనరల్ మేనేజర్ వైపు చూడలేదు. నల్లగుడ్డలు చిరిగాయి, తలుపులు తెరుచుకున్నాయి, పడ్డవాణ్ణి నిలబడ్డవాడు భుజానేసుకున్నాడు. బయటికొచ్చిన బావమరిది, ఎవరూ చెప్పకుండానే, తూలుతూ వెళ్ళి మెయిన్ వాల్వ్ మూసేశాడు.

క్యాబిన్లో మాస్టర్ గాజును పిడికిళ్ళతో బాదుతున్నాడు. బయటి నుంచి తాళం వేసిన నెమలి అదే గాజులో చూసుకుని లిప్‌స్టిక్ సరిచేసుకుంది.

ఆరుబయట దుమ్ము వేలు పెట్టి లెక్కపెట్టాడు. నలుగురికి ఆక్సిజన్ పెట్టారు. ఇద్దరు వాంతి చేసుకుంటున్నారు. మళ్ళీ లెక్కపెట్టాడు. అరవై. అప్పుడు వెళ్ళి బావమరిది పక్కన కూలబడ్డాడు.

టైమర్ ఎవరి మాటా వినదు. సరిగ్గా పన్నెండింటికి ఖాళీ షెడ్డులో కెమెరా క్లిక్‌మంది. వారం తర్వాత ఆ ఫోటోయే బ్రోషర్ అట్ట మీదికి ఎక్కింది. ఇన్నేళ్ళకు ఒక్క మనిషీ అడ్డం రాని ఫోటో దొరికిందని యాజమాన్యం తెగ మురిసిపోయింది.