సేవ్ కాని పాట

మా తోడల్లుడు అద్దెకున్న ఇంట్లో మేడమీది గదికి చెడ్డపేరుంది. తాళం వేసి ఉన్నా లోపల ఎవరో ఆడమనిషి పాడుతుందని, అందుకే ఎవరూ రెండు నెలలు మించి ఉండరని ఇరుగుపొరుగు చెప్పేవాళ్ళు. మావాడు నవ్వేసి, గోడలకు బొంతలు కట్టి, దాన్నే రికార్డింగు గది చేసుకున్నాడు.

మైకు కొన్నాడు. కంప్యూటరు కొన్నాడు. చిక్కంతా సాఫ్ట్‌వేర్ దగ్గరే వచ్చింది. చెప్పుల జతకే నాలుగు బజార్లు తిరిగే మనిషి! మూడు సాఫ్ట్‌వేర్లు ట్రయల్‌గా దించుకుని, ఇది మేలా అది మేలా అని నాలుగు నెలలు గడిపాడు.

ఈలోగా మా అత్తగారి గొంతులో గడ్డ బయటపడింది. ఆపరేషన్ తర్వాత గొంతు మిగలకపోవచ్చని డాక్టరు చెప్పేశాడు. మా పిల్లలందరూ ఆ గొంతు వింటూ నిద్రపోయినవాళ్ళే. నాకైతే ఏడుపు ఆగలేదు.

ఆపరేషన్‌కి ముందురోజు రాత్రి, వీధి సద్దుమణిగాక, పాట దాచిపెట్టడానికి ఆవిడ మేడమీద మైకు ముందు కూర్చుంది.

"చివరికి ఏది కొన్నారు?" అంది గుసగుసగా.

"ఇంకా... చూస్తున్నానత్తయ్యా."

"పెళ్ళిచూపులకైనా ఇన్నాళ్ళు పట్టదు నాయనా."

జోలపాట పాడింది — ఒక్కసారే. రెండోసారికి గొంతు పెగల్లేదు. కిందికెళ్ళి పడుకుంది.

మావాడు సేవ్ నొక్కాడు. ట్రయల్‌లో సేవ్ కుదరదు, కొనుక్కోమంది. కార్డు నంబరు కొడుతుంటే... సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోయి, దానంతటదే మూసుకుపోయింది.

పాట పోయింది.

తెర ఆపేశాడు. లైటు తీసేశాడు. పొద్దున్న ఆవిడ మొహం ఎలా చూడాలి? చీకట్లోనే బల్లమీద తల వాల్చేశాడు...

అప్పుడు — పాట.

బొంతల మధ్య నుంచి, మెల్లగా, ఆడగొంతు. అదే జోల!

మెట్లు దిగి పరుగెత్తాడు. కింద అత్తగారు నిద్రపోతోంది. నోరు మూసే ఉంది. పైన మాత్రం పాట సాగుతూనే ఉంది...

మళ్ళీ పైకి ఎలా ఎక్కాడో తనకే తెలీదంటాడు. లైటు వేశాడు. ఎవరూ లేరు. తెర వెలిగించాడు.

రెండో సాఫ్ట్‌వేర్!

తర్వాత పోల్చి చూసుకోవచ్చని, అలవాటుకొద్దీ, అందులోనూ రికార్డు నొక్కి పెట్టాడు. గాభరాలో ఆ సంగతే మరిచిపోయాడు. తల వాల్చినప్పుడు మోచేయి కీబోర్డు మీద పడి, రికార్డింగు ఆగి, పాట మొదటినుంచి స్పీకర్లలో మోగింది. సేవ్ నొక్కాడు. దీని ట్రయల్‌లో సేవ్‌కి అడ్డు లేదు. ఈసారి అయింది.

ఆపరేషన్ అయింది. గొంతు పోయింది.

నాలుగోరోజు ఆసుపత్రిలో ఆ పాట వినిపించాం, జరిగింది చెప్పాం. ఆవిడ కళ్ళు మూసుకుని చివరిదాకా వింది. తర్వాత పలక అడిగి తీసుకుని, నెమ్మదిగా రాసి, మావాడికేసి తిప్పింది.

"మూడూ ఉంచుకోండి నాయనా."