తలకిందుల పైపు

ఆ వీధిలో అతన్ని అందరూ గ్యారంటీ అనే పిలుస్తారు. కుళాయి బిగించినా, ట్యాంకు కడిగినా, పని అవగానే చేతులు తుడుచుకుంటూ "గ్యారంటీ అండీ" అనడం అతని అలవాటు. ఏడేళ్లుగా ఒక్క కంప్లయింట్ లేదు. ఆ గర్వంతో మనిషి అరంగుళం పొడుగ్గా కూడా కనిపిస్తాడు.

అలాంటి గ్యారంటీ ఒక మంగళవారం పొద్దున, టైలర్ గారింటి డాబా మీది వాన నీళ్ళు కిందికి దించే పైపు మార్చడానికి వచ్చాడు. నిచ్చెన వేసి సగం ఎక్కాడో లేదో, మేడ మీద కిటికీ తెరుచుకుంది.

"హలో! మా కిటికీ ముందు వేలాడుతున్నారు, ఎవరు మీరు?"

టైలర్ గారమ్మాయి. చేతిలో ఒక పెన్సిల్, జుట్టులో ఇంకో పెన్సిల్. గ్యారంటీ చేతిలోని స్క్రూడ్రైవర్ జారి కింద బకెట్లో పడింది.

"పైపు అండీ," అన్నాడు.

"పైపా? అచ్చం మనిషిలా ఉన్నారే!"

అంతే, గ్యారంటీ బుర్ర పనిచెయ్యడం మానేసింది. ఆమె అడుగుతూనే ఉంది, అతను బిగిస్తూనే ఉన్నాడు. ఎత్తంటే భయం లేదా? లేదండీ. మరి నిచ్చెన వణుకుతోందే? గాలండీ. ఆకు కూడా కదలట్లేదుగా? అదీ నిజమేనండీ.

పని ముగించి "గ్యారంటీ అండీ" అన్నాడు కానీ గొంతులో హుషారు లేదు. పని బాగా చేస్తే మళ్ళీ ఈ గడప తొక్కే అవసరమే రాదని అప్పుడే తట్టింది.

శుక్రవారం వాన దంచికొట్టింది. టైలర్ గారి దగ్గర్నుంచి ఫోను.

"బాబూ గ్యారంటీ, ఓసారొచ్చి నీ ఘనకార్యం చూసిపో."

తడుస్తూ పరుగెత్తాడు. పైపు నాలుగు జాయింట్ల దగ్గరా నీళ్ళు చిమ్ముతోంది. లోపల హాలు గోడ నిలువునా నానింది. పైపు ముక్కకి ఒక కొస వెడల్పుగా ఉంటుంది. ఆ వెడల్పు నోరు పైకి ఉండాలి, పై ముక్క అందులోకి దిగాలి. గ్యారంటీ అన్నిటినీ తలకిందులుగా బిగించాడు! నిన్న పనిలో చేరినవాడు కూడా చెయ్యని తప్పు. అతనికి తల కొట్టేసినట్టయింది.

"పని రాకపోతే రాదని చెప్పొచ్చుగా?" అన్నారు టైలర్ గారు. "వీధంతా చెప్తానుండు, నీకు పైపు పట్టుకోవడం కూడా రాదని."

ఏడేళ్ల పేరు గంగలో కలిసిపోతోంది. పని వచ్చని నిరూపించాలంటే అసలు కారణం చెప్పాలి. ఆ కారణమేమో తువ్వాలు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది.

"పనొచ్చండీ," అన్నాడు కళ్ళు గట్టిగా మూసుకుని. "మీ అమ్మాయి కిటికీలో నిలబడ్డారండీ. నాకు పైనేదో కిందేదో తెలియలేదు. ఆవిడంటే నాకిష్టమండీ. కావాలంటే రెండు దెబ్బలు వెయ్యండి, పని రాదని మాత్రం అనకండి."

వంటింట్లోంచి ఆయన భార్య పకపకా నవ్వింది.

"ఏవండీ, పెళ్ళికి ముందు మీరు నాకు కుట్టిన మొదటి జాకెట్టుకి రెండు చేతులూ ఎడమవే. గుర్తుందా?"

"అది... ఆ రోజు వెలుతురు చాలక."

"మిట్టమధ్యాహ్నం!"

టైలర్ గారు గబుక్కున కూతురి వైపు తిరిగారు. "నువ్వు ఇళ్ళ ప్లాన్లు గీసేదానివి కదే! అంతసేపు చూశావు, పైపు తలకిందులుగా ఉందని నీకూ తెలియలేదా?"

"మొదటి జాయింట్ దగ్గరే తెలిసింది నాన్నా."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే సరిగ్గా పెట్టేసి వెళ్ళిపోయేవారు. మళ్ళీ ఎందుకొస్తారు?"

గ్యారంటీ కళ్ళు తెరిచాడు. మొట్టమొదటి కంప్లయింట్ ఇంత బాగుంటుందని తెలిస్తే ఏడేళ్లు ఆగేవాడే కాదు.

"అంటే ఇద్దరూ కలిసి నా గోడ నానబెట్టారన్నమాట," టైలర్ గారు నిట్టూర్చారు. "సరే. ముందా పైపు తిరగెయ్యి. గోడ ఆరాక మీ పెద్దవాళ్ళని తీసుకురా. ఆరాకే! అంతవరకూ ఇటు రాకు."

"ఈ వానల్లో గోడ ఆరాలంటే రెణ్ణెల్లు పడుతుంది కదండీ!" గ్యారంటీ నీరుగారిపోయి గుమ్మం వైపు చూశాడు. అక్కడ తువ్వాలు ఉంది, అమ్మాయి లేదు.

లోపల్నుంచి ఏదో ఈడుస్తున్న చప్పుడైంది. ఆమె రొప్పుకుంటూ ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాన్ తెచ్చి, నానిన గోడకెదురుగా పెట్టి, ఫుల్ స్పీడులో తిప్పింది.